అమెరికా ఎన్నికల్లో ఎవాంజెలికల్ ఓటు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగేళ్ళకోసారి అమెరికాలో ఎన్నికలొస్తాయి, నాకు ఒంగోలు నుంచి ఫోన్లొస్తాయి. బాప్టిస్టు ఇంట్లో పుట్టి టెక్సస్‌లో స్థిరపడ్డవాణ్ణి కాబట్టి ఇక్కడి చర్చి రాజకీయమంతా నాకు కొట్టినపిండి అని మావాళ్ళ నమ్మకం. అడిగేవి ఎప్పుడూ అవే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఈసారి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్ళు నేరుగా వెళ్ళొచ్చు.

## ముందు పేర్ల సంగతి

ఎవాంజెలికల్స్ అంటే ఏ మిషన్ వాళ్ళు? బాప్టిస్టులా, పెంతెకోస్తులా?

ఒక మిషన్ కాదు, ఒక తరహా. గ్రీకులో సువార్త అనే మాట నుంచి పుట్టిన పేరు. చరిత్రకారుడు డేవిడ్ బెబింగ్టన్ 1989లో వీళ్ళకు నాలుగు ఆనవాళ్ళు చెప్పాడు. బైబిలే ఆఖరి మాట. క్రీస్తు సిలువ మరణమే రక్షణకు ఆధారం. ప్రతి మనిషీ మారుమనస్సు పొంది తిరిగి జన్మించాలి. రక్షణ పొందినవాడు చేతులు ముడుచుకు కూర్చోకుండా పనిలోకి దిగాలి. ఈ నాలుగూ ఒప్పుకుంటే బాప్టిస్టులైనా, పెంతెకోస్తులైనా, ఏ శాఖ పేరూ పెట్టుకోని మెగాచర్చి వాళ్ళైనా ఎవాంజెలికల్సే. రైల్లో పక్క సీట్లో కూర్చున్న ఐదు నిమిషాలకే "రక్షణ పొందారా బ్రదర్?" అని అడిగే మనిషి మీకెప్పుడో తగిలే ఉంటాడు. ఆయనే అనుకోండి. వీళ్ళందరికీ పైన పోపు లాంటివాడు లేడు. ఒకచోటి నుంచి ఆజ్ఞ వస్తే దేశమంతా పాటించే పద్ధతీ లేదు.

సర్వేల్లో ఎవరు ఎవాంజెలికల్ అన్నది ఎలా తేలుస్తారు?

అడుగుతారు, అంతే. "మీరు తిరిగి జన్మించిన క్రైస్తవులా, లేక ఎవాంజెలికలా?" అంటే అవునన్నవాళ్ళు లెక్కలోకి వస్తారు. ఆదివారం గుడికి వెళ్తారో లేదో వేరే సంగతి. టీవీల్లో కనిపించే శాతాలు చాలావరకు తెల్లవాళ్ళలో అవునన్నవాళ్ళవి మాత్రమే. ఇందులో ఒక చిత్రం ఉంది. ఒకే మనుషులను 2016లోనూ 2020లోనూ అడిగి చూసిన ప్యూ సంస్థకు, అంతకుముందు ఆ పేరు చెప్పుకోని తెల్లవాళ్ళలో ట్రంప్‌ను ఇష్టపడ్డ కొందరు ఈ మధ్యలో తమను ఎవాంజెలికల్స్ అని చెప్పుకోవడం మొదలుపెట్టినట్టు తేలింది. విశ్వాసాన్ని బట్టి పార్టీ వస్తుందనుకుంటాం గానీ, పార్టీని బట్టి పేరు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారన్నమాట.

ట్రంప్, ఆయన ఉపాధ్యక్షుడు వాన్స్ కూడా ఎవాంజెలికల్సేనా?

ఇద్దరూ కాదు. ట్రంప్ ప్రెస్బిటీరియన్‌గా పెరిగారు, 2020లో ఏ శాఖకూ చెందని క్రైస్తవుణ్ణని చెప్పుకున్నారు. వాన్స్ 2019లో కాథలిక్కు అయ్యారు. ఆయన భార్య ఉష, మన ఆంధ్ర మూలాలున్న హిందువు. అసలైన ఎవాంజెలికల్‌ను చూడాలంటే జిమ్మీ కార్టర్‌ను చూడాలి. అధ్యక్ష పదవి దిగిపోయాక కూడా దశాబ్దాలపాటు జార్జియాలోని ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్ళో సండే స్కూలు పాఠం చెప్పిన మనిషి. 1980లో ఆయన్ను ఓడించడంలో ఎవాంజెలికల్స్ పెద్ద చెయ్యే వేశారు.

మొత్తం ఎంతమంది ఉంటారు?

పీఆర్‌ఆర్‌ఐ అనే సర్వే సంస్థ లెక్కలో తెల్ల ఎవాంజెలికల్స్ 2006లో జనాభాలో 23 శాతం. ఇటీవలి సర్వేల్లో 13, 14 శాతం దగ్గర ఉన్నారు. అయినా ఓటర్లలో వాళ్ళ వాటా జనాభాలో వాటా కంటే బాగా ఎక్కువ. వయసు మళ్ళినవాళ్ళు ఎక్కువ, వానొచ్చినా బూత్‌కి వెళ్తారు.

## ఎలా మొదలైంది

మొదటినుంచీ వీళ్ళు రిపబ్లికన్లేనా?

అబ్బే. దక్షిణాది తెల్ల బాప్టిస్టులు తరతరాలుగా డెమొక్రాట్లు. బైబిల్ పక్షాన నిలబడి పరిణామ సిద్ధాంతం మీద యుద్ధం ప్రకటించిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్ ఆ పార్టీ తరఫునే మూడుసార్లు, 1896, 1900, 1908లో, అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయాడు. 1925లో టెనెసీలోని డేటన్‌లో, బడిలో డార్విన్ పాఠం చెప్పిన టీచరు మీద కేసు నడిచినప్పుడు ప్రాసిక్యూషన్ వైపు వాదించిందీ ఆయనే. కేసు గెలిచారు, టీచరుకు 100 డాలర్ల జరిమానా పడింది. కానీ పత్రికలు చేసిన వెటకారానికి వీళ్ళు చాలాకాలం తలెత్తుకోలేకపోయారు. అప్పటినుంచి ఎక్కువమంది సొంత రేడియోలు, బైబిల్ కాలేజీలు పెట్టుకుని తమ లోకం తాము కట్టుకున్నారు. నల్లవాళ్ళ పౌరహక్కుల చట్టాలు 1960ల్లో వచ్చాక దక్షిణాది తెల్లవాళ్ళు డెమొక్రాట్లకు దూరం జరుగుతూ వచ్చారు. 1976లో సాటి బాప్టిస్టని డెమొక్రాట్ కార్టర్ వైపు చాలామంది మొగ్గారు. నాలుగేళ్ళకే రిపబ్లికన్ రీగన్ వైపు తిరిగారు.

చర్చి వేరు, ప్రభుత్వం వేరు అన్నది నాస్తికులు తెచ్చిన మాట కదా?

ఈ ప్రశ్న ఇక్కడి బాప్టిస్టు స్నేహితులూ అడుగుతారు, నాకు నవ్వొస్తుంది. ఆ మాట కోసం కొట్లాడింది బాప్టిస్టులే. కనెక్టికట్‌లో ప్రభుత్వ అండ వేరే సంఘానికి ఉండేది, డాన్‌బరీ బాప్టిస్టులు తమ మతస్వేచ్ఛ గురించి అధ్యక్షుడు జెఫర్సన్‌కు ఉత్తరం రాశారు. ఆయన 1802 జనవరి 1న రాసిన జవాబులోదే, చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అన్న ప్రసిద్ధమైన మాట. సరిగ్గా అదే రోజున జాన్ లీలండ్ అనే బాప్టిస్టు బోధకుడు మసాచుసెట్స్ నుంచి 1,235 పౌన్ల జున్నుముద్ద, అంటే 560 కిలోల చీజ్, బండి మీద తెచ్చి జెఫర్సన్‌కు కానుకిచ్చాడు. మతంలో ప్రభుత్వం వేలుపెట్టకూడదన్న నాయకుడికి ఆ ఊరివాళ్ళ కృతజ్ఞత అది. ఎదటి పార్టీవాళ్ళ ఆవుల పాలు ఒక్క చుక్క కూడా కలపలేదట. అప్పుడు వాళ్ళది చిన్న సంఘం, గోడ కావాల్సి వచ్చింది.

అబార్షన్ తీర్పు వచ్చాకే కదా వీళ్ళు రాజకీయాల్లోకి దిగింది?

అందరూ చెప్పుకునే కథ అదే. తేదీలు చూస్తే అంత సాఫీగా లేదు. 1971లో సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్, అంటే అమెరికాలో అతిపెద్ద ప్రొటెస్టెంట్ సంఘం, సెయింట్ లూయిస్‌లో ఒక తీర్మానం చేసింది. అత్యాచారం, పిండంలో తీవ్రమైన లోపం, తల్లి శారీరక మానసిక ఆరోగ్యానికి హాని వంటి సందర్భాల్లో గర్భస్రావానికి చట్టం వీలివ్వాలని అందులో ఉంది. 1973లో అబార్షన్‌ను దేశమంతటా హక్కు చేసిన రో వర్సెస్ వేడ్ తీర్పు వచ్చినప్పుడు అది కాథలిక్కుల గొడవ అనుకున్న పాస్టర్లే ఎక్కువ.

వాళ్ళను ముందుగా కదిలించింది బడుల గొడవ అని రాండల్ బామర్ లాంటి చరిత్రకారులు అంటారు. నల్లపిల్లలతో కలిపి చదివించడం ఇష్టంలేక దక్షిణాదిలో తెల్లవాళ్ళు ప్రైవేటు బడులు పెట్టుకున్నారు, వాటిలో క్రైస్తవ బడులూ చాలా ఉన్నాయి. జాతివివక్ష పాటించే బడికి పన్ను మినహాయింపు లేదని 1971లో కోర్టు తేల్చింది. సౌత్ కరోలినాలోని బాబ్ జోన్స్ యూనివర్సిటీ ఆ మినహాయింపును 1976లో పోగొట్టుకుంది, 1983లో సుప్రీంకోర్టులోనూ 8-1తో ఓడింది. ప్రభుత్వం మన బడి జోలికొచ్చిందన్న ఆ కోపాన్ని పాల్ వేరిక్ అనే రాజకీయ వ్యూహకర్త పసిగట్టాడు. 1979లో వర్జీనియాలోని లించ్‌బర్గ్ పాస్టరు జెర్రీ ఫాల్వెల్ "మోరల్ మెజారిటీ" సంస్థ పెట్టినప్పుడు వెనక ఉన్నవాళ్ళలో ఆయన ఒకడు.

ఈ వాదనకు ఎదురువాదన ఉంది. 1970ల చివరికి మామూలు విశ్వాసుల్లో అబార్షన్ మీద బాధ నిజంగానే పెరిగిందని మరికొందరు చరిత్రకారులు చూపిస్తారు. నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. నిప్పు బడుల దగ్గర రాజుకుంది, నలభై ఏళ్ళు మండించిన కట్టె మాత్రం అబార్షనే.

## ఎన్నికలకు ముందు

పాస్టరుగారు వేదిక మీద నుంచి ఫలానా వాళ్ళకు ఓటెయ్యండని చెప్పొచ్చా?

1954 నుంచి చట్టం ఒప్పుకోదు. అప్పటి సెనేటర్ లిండన్ జాన్సన్ తెచ్చిన సవరణ ప్రకారం పన్ను మినహాయింపు పొందే చర్చిలు, ధర్మసంస్థలు ఏ అభ్యర్థినీ బలపరచకూడదు. కాగితం మీద గట్టి చట్టమే, అమలు దాదాపు సున్న. న్యూయార్క్ రాష్ట్రం బింగ్‌హామ్టన్ దగ్గరి ఒక చర్చి 1992లో క్లింటన్‌కు ఓటేస్తే పాపమన్నట్టు పత్రికల్లో పేజీ పేజీ ప్రకటనలిచ్చి మినహాయింపు పోగొట్టుకుంది. చెప్పుకోవడానికి ఆ ఒక్క కేసే ఉంది. 2025 జులైలో పన్నుల శాఖే టెక్సస్ ఫెడరల్ కోర్టులో మాట మార్చింది. ఆరాధనలో పాస్టరు తన సంఘంతో ఎన్నికల గురించి విశ్వాసపరంగా మాట్లాడితే అది ఈ చట్టం కిందికి రాదంది.

మన దగ్గర ఇది ఇంకా పెద్ద నేరం. ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ కింద మతం పేరుతో ఓటడిగినట్టు రుజువైతే గెలిచిన ఎన్నికే రద్దవుతుంది. 2017 జనవరిలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4-3తో దాని పరిధిని ఇంకా పెంచింది. అమెరికాలో మాత్రం అభ్యర్థే స్వయంగా ప్రచార వేదికెక్కి సాక్ష్యం చెప్పుకుని ఓటడిగినా తప్పులేదు.

పేరు చెప్పకుండా మరి ఓట్లెలా కూడగడతారు?

నేనిక్కడికి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం ఆరాధన అయి బయటికొస్తే, కారు అద్దానికి ఒక కరపత్రం చెక్కి ఉంది. ఎడమ గడిలో ఒక అభ్యర్థి, కుడి గడిలో ఇంకొకరు, మధ్యలో అబార్షన్, పెళ్ళి, పన్నులు, తుపాకులు. ఒకరికి అన్నీ అవును, ఇంకొకరికి అన్నీ కాదు. "ఇతనికి వెయ్యండి" అన్న మాట ఎక్కడా లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఓటర్ గైడ్ అంటారు దాన్ని. 1989లో టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ పెట్టిన క్రిస్టియన్ కొయలిషన్ దీన్ని ఒక పరిశ్రమ చేసింది. ఎన్నికల ముందు ఆదివారం లక్షల కాపీలు గుళ్ళల్లో పంచేవాళ్ళు. అంతకుముందు ఏడాదే రాబర్ట్‌సన్ స్వయంగా అధ్యక్ష పదవికి దిగి, రిపబ్లికన్ టికెట్ కోసం తొలి పోటీ జరిగే అయోవా రాష్ట్రంలో అప్పటి ఉపాధ్యక్షుడు బుష్‌ను మూడోస్థానానికి నెట్టి తను రెండోవాడయ్యాడు.

కరపత్రం ఒక్కటే కాదు. క్రైస్తవ రేడియో పొద్దున్నే కారులో మోగుతూ ఉంటుంది. ఆరాధన తర్వాత హాల్లో కాఫీ పక్కనే ఓటరు నమోదు బల్ల వేస్తారు. నడవలేనివాళ్ళను బూత్‌కి తీసుకెళ్ళడానికి గుడి వ్యాను ఉంటుంది. స్కూల్ బోర్డు ఎన్నిక లాంటి, ఎవరూ పట్టించుకోని చిన్న ఎన్నికల్లో రెండు పెద్ద చర్చిలు కదిలితే ఫలితం తారుమారవుతుంది. మన ఊళ్ళో కులసంఘం చేసే పని ఇక్కడ చర్చి చేస్తుందంటే మావాళ్ళకు వెంటనే ఎక్కుతుంది.

అయోవా గెలిస్తే సరిపోతుందా?

చాలదు. ఎవాంజెలికల్స్ బలంతో 2008లో హకబీ, 2012లో శాంటోరమ్, 2016లో క్రూజ్ అయోవా గెలిచారు. ముగ్గురిలో ఒక్కరికీ పార్టీ టికెట్ రాలేదు.

## నవంబరులో

మూడు పెళ్ళిళ్ళు చేసుకున్న ట్రంప్‌కి భక్తులెలా ఓటేస్తారు?

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. ముందు అంకెలు చూడండి. ఎగ్జిట్ పోల్స్ ప్రకారం తెల్ల ఎవాంజెలికల్స్‌లో 2004లో కొడుకు బుష్‌కి 78 శాతం, 2016లో ట్రంప్‌కి 81 శాతం, 2024లోనూ సుమారు అంతే. మధ్యలో 2012లో నిలబడ్డ రామ్నీ మోర్మన్. ఆ మతాన్ని చాలామంది ఎవాంజెలికల్స్ అసలు క్రైస్తవమే కాదంటారు. ఆయనకూ నలుగురిలో ముగ్గురికి పైగా వేశారు. అంటే మనిషి మారినా ఓటు మారలేదు. ట్రంప్‌కి పడ్డది కొత్త ఓటేమీ కాదు, రిపబ్లికన్ పార్టీకి పడుతూ వస్తున్న ఓటే.

బేరం కూడా ఉంది, దాన్ని ఎవరూ దాచలేదు. 2016లో ట్రంప్ సుప్రీంకోర్టుకు ఎవరెవరిని వేస్తారో పేర్ల జాబితా ముందే ప్రకటించారు. ఎవాంజెలికల్ అయిన మైక్ పెన్స్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా తీసుకున్నారు. జూన్‌లో న్యూయార్క్‌లో వందలమంది క్రైస్తవ నాయకులతో కూర్చున్నారు. అప్పటికి సుప్రీంకోర్టులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

బేరం కుదిరాక వాక్యం వెతుక్కున్నారు. యెషయా 45లో కోరెషు రాజు కథ ఉంది కదా. ఇశ్రాయేలు దేవుణ్ణి ఎరగని పారసీక రాజు, అయినా దేవుడు అతన్ని అభిషిక్తుడన్నాడు, తన ప్రజలను విడిపించడానికి వాడుకున్నాడు. ట్రంప్ మన కోరెషు అన్నారు కొందరు బోధకులు. కానీ 1998లో, క్లింటన్ వ్యవహారం బయటపడ్డప్పుడు, సదరన్ బాప్టిస్టులు పాలకుల నడవడి మీద తీర్మానం చేశారు. నాయకుల తప్పును సహిస్తే జాతి మనస్సాక్షి మొద్దుబారుతుందన్నది దాని సారాంశం. సొంత జీవితంలో తప్పుచేసినవాడు పదవిలో నీతిగా ఉండగలడా అని పీఆర్‌ఆర్‌ఐ అడిగితే 2011లో తెల్ల ఎవాంజెలికల్స్‌లో 30 శాతం ఉండగలడన్నారు. 2016లో అదే ప్రశ్నకు 72 శాతం. ఆ ఐదేళ్ళలో బైబిల్ మారలేదు.

నల్లవాళ్ళ సంఘాల్లోనూ అదే బైబిల్ కదా, వాళ్ళ ఓటెందుకు వేరు?

పాట, ప్రార్థన, సిద్ధాంతం చూస్తే చాలా నల్లజాతి సంఘాలు అచ్చంగా ఎవాంజెలికలే. అబార్షన్, పెళ్ళి విషయాల్లో సంప్రదాయంగా ఉండేవాళ్ళూ ఎక్కువే. ఓటు మాత్రం పదిమందిలో ఎనిమిదిమందికి పైగా డెమొక్రాట్లకే. బానిసత్వం దగ్గరే దారులు చీలాయి. ఫిలడెల్ఫియాలో తెల్లవాళ్ళ గుళ్ళో జరిగిన అవమానానికి బయటికొచ్చిన రిచర్డ్ అలెన్ 1816లో నల్లవాళ్ళకంటూ మెథడిస్టు సంఘం నిలబెట్టాడు. 1845లో జార్జియాలోని అగస్టాలో సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పుట్టిందే బానిసల యజమానులు మిషనరీలు కావొచ్చా అన్న తగువులో. దానికి వాళ్ళు క్షమాపణ చెప్పింది 1995లో.

నిర్గమకాండం చదివేటప్పుడు ఒకరు తమను విడుదలైన బానిసలుగా చూసుకుంటారు, ఇంకొకరు వాగ్దాన దేశాన్ని స్వాధీనం చేసుకున్న జనంగా చూసుకుంటారు. 2017 డిసెంబరులో అలబామా సెనేట్ ఎన్నికలో రిపబ్లికన్ రాయ్ మూర్ మీద, గతంలో మైనరు అమ్మాయిలతో తప్పుగా ప్రవర్తించాడని ఆరోపణలొచ్చాయి, ఆయన కాదన్నాడు. ఎగ్జిట్ పోల్స్‌లో తెల్ల ఎవాంజెలికల్స్ 80 శాతం ఆయనకే. నల్లజాతి ఓటర్లు బారులు తీరి డెమొక్రాట్ డగ్ జోన్స్‌ను గెలిపించారు. మార్టిన్ లూథర్ కింగ్ బోధించిన అట్లాంటాలోని ఎబెనెజర్ బాప్టిస్టు చర్చి పాస్టరు రాఫెల్ వార్నాక్ 2021 జనవరిలో సెనేటర్ అయ్యారు. విశ్వాసం మనిషిని బూత్ దాకా తీసుకొస్తుంది. ఏ మీట నొక్కాలో చెప్పేది వాళ్ళ తాతలు ఎక్కడ నిలబడ్డారన్నదే.

ఎదురు తిరిగినవాళ్ళు ఎవరూ లేరా?

ఉన్నారు, తక్కువమంది. బిల్లీ గ్రాహం 1956లో మొదలుపెట్టించిన క్రిస్టియానిటీ టుడే పత్రిక 2019 డిసెంబరులో ట్రంప్‌ను పదవి నుంచి తొలగించాలని సంపాదకీయం రాసింది. సదరన్ బాప్టిస్టుల నైతిక విభాగం పెద్ద రస్సెల్ మూర్ గట్టిగా విమర్శించి, 2021లో ఆ సంఘమే వదిలేశారు. ఓట్ల లెక్కలో అది కనపడనంత చిన్న కదలిక.

## గెలిచాక

ఇంతా చేసి ఏం సాధించారు?

కోర్టు. ట్రంప్ మొదటి నాలుగేళ్ళలో గోర్సచ్, కవనా, బారెట్ ముగ్గురు సుప్రీంకోర్టులోకి వచ్చారు. 2022 జూన్ 24న డాబ్స్ తీర్పుతో 49 ఏళ్ళ రో తీర్పు పోయింది. దాన్ని కొట్టేయడానికి ఓటేసిన ఐదుగురు జడ్జీల్లో ఎవాంజెలికల్ ఒక్కరూ లేరు, నలుగురు కాథలిక్కులు. 1960లో కెన్నెడీ కాథలిక్కని భయపడి, హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ పాస్టర్ల ముందు నిలబెట్టి సంజాయిషీ అడిగినంత పని చేసిన వర్గం, కాథలిక్కు జడ్జీల చేత తన పని పూర్తి చేయించుకుంది.

అక్కణ్ణుంచి కథ అడ్డం తిరిగింది. తీర్పు వచ్చిన ఆరు వారాలకే రిపబ్లికన్ రాష్ట్రమైన కాన్సస్‌లో ఓటర్లు అబార్షన్ హక్కు తీసేసే సవరణను తోసిపుచ్చారు. 2023లో ఒహాయో ఆ హక్కును తన రాష్ట్ర రాజ్యాంగంలో రాసుకుంది. 2024 రిపబ్లికన్ ఎన్నికల ప్రణాళిక దేశవ్యాప్త నిషేధం మాట వదిలేసి రాష్ట్రాలకే అప్పజెప్పింది. విశ్వాసుల ఓటు మాత్రం అలాగే పడింది.

ఇజ్రాయెల్ అంటే వీళ్ళకెందుకంత పట్టు?

మన సంఘాల్లో "ఎత్తబడుట", అంటే విశ్వాసుల్ని క్రీస్తు పైకి తీసుకుపోవడం, ఏడేళ్ళ శ్రమలు, క్రీస్తు రెండవ రాకడ మీద ప్రసంగాలు విన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దంలో జాన్ డార్బీ చెప్పిన ఆ అంత్యకాలపు వరుసను 1909 నాటి స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ అమెరికా అంతా పాకించింది. ఆ వరుసలో యూదులు తమ దేశానికి తిరిగి రావడం ఒక మెట్టు. దానికి తోడు "నిన్ను ఆశీర్వదించువారిని ఆశీర్వదించెదను" అన్న ఆదికాండం వాక్యం. టెక్సస్ పాస్టరు జాన్ హేగీ 2006లో ఇజ్రాయెల్ కోసం పెద్ద సంస్థే పెట్టాడు. 2018 మే 14న అమెరికా ఎంబసీని జెరూసలేంలో తెరిచినప్పుడు ముగింపు ప్రార్థన చేసింది ఆయనే.

## మనవైపు ప్రశ్నలు

మన ఒంగోలుకు బాప్టిస్టు మిషన్ తెచ్చింది వీళ్ళేనా?

కాదు, వీళ్ళ అన్నదమ్ముల్లాంటి వాళ్ళు. 1845లో బానిసత్వం మీద చీలినప్పుడు ఉత్తరాదిన మిగిలిన బాప్టిస్టులే నెల్లూరు, ఒంగోలు మిషన్లు నడిపారు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ మిషన్‌ను పంపిన సంఘం ఇవాళ అమెరికాలో ఉదారవాదం వైపు మొగ్గే పాత ప్రొటెస్టెంట్ల లెక్కలోకి వస్తుంది. మా నాయనమ్మ బైబిల్లో అతికించిన దొరగారి ఫొటో చూపించి "ట్రంప్ వాళ్ళు" అనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే.

హ్యూస్టన్ దగ్గర హనుమంతుడి విగ్రహం మీద గొడవ చేసింది వీళ్ళేనా?

షుగర్‌ల్యాండ్ అష్టలక్ష్మి ఆలయంలో 90 అడుగుల హనుమంతుణ్ణి 2024 ఆగస్టులో ప్రతిష్ఠించారు. మన తెలుగువాళ్ళు ఎక్కువగా వెళ్ళే గుడి. 2025 సెప్టెంబరులో, టెక్సస్ నుంచి సెనేట్‌కు పోటీపడాలనుకున్న ఒక రిపబ్లికన్, మనది క్రైస్తవ దేశం, ఇక్కడ అబద్ధ దేవుడి విగ్రహమేమిటని ట్విటర్‌లో రాశాడు. అమెరికా రాజ్యాంగంలో క్రైస్తవ దేశమన్న మాట లేదు. పదవికి మతపరీక్ష పెట్టకూడదని ఆరో అధికరణం చెబుతుంది. ఆ మాటలను అందరు ఎవాంజెలికల్స్‌కూ అంటగట్టడం న్యాయం కాదు. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో అలాంటి మాటకు గిరాకీ ఉందని అతను లెక్కవేసుకున్న సంగతి మాత్రం నిజం.

ఆంధ్రలో కూడా ఇలా చర్చి ఓటు బ్యాంకు ఉందా?

ఆ తరహాలో లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా ఉండదు. కాబట్టి ఆదివారం గుడికి వెళ్ళే చాలా కుటుంబాలు కాగితం మీద హిందూ మాల, హిందూ మాదిగ. ఎంతమంది క్రైస్తవులున్నారో లెక్కే సరిగ్గా తేలని చోట వాళ్ళను ఒక ఓటు బ్యాంకుగా పేర్చడం కష్టం. ఓటు నడిచేది కులం, పార్టీ, పింఛను, స్థానిక నాయకుడి మీద. ప్రపంచమంతా సువార్త సభలు పెట్టి లక్షలమందిని కూర్చోబెట్టిన కె.ఎ.పాల్ గారు 2019లో నరసాపురంలోనూ, 2022లో మునుగోడులోనూ నిలబడితే డిపాజిట్ దక్కలేదు. పోయిన ఎన్నికలప్పుడు మా ఊళ్ళో, ఒకే బెంచీ మీద కూర్చుని ప్రభురాత్రి భోజనం తీసుకున్న మా ముగ్గురు బాబాయిలూ సాయంత్రానికి మూడు జెండాల వెనక తిరిగారు. పాస్టరుగారు ముగ్గురి కోసమూ ప్రార్థన చేశారు.